పోర్చుగల్ కరెంటు బోర్డు ప్రపంచ పునరుత్పాదక విద్యుత్ సంస్థగా ఎలా మారింది? ఈడీపీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈడీపీ అంటే ఏమిటి? అది ఎప్పుడు, ఎలా ఏర్పడింది?

ఈడీపీ పోర్చుగల్ దేశంలోని అతిపెద్ద విద్యుత్ సంస్థ. 1974 ఏప్రిల్ 25న అక్కడి నియంతృత్వ ప్రభుత్వాన్ని సైనికాధికారులు కూలదోశారు; ప్రజలు సైనికుల తుపాకీ గొట్టాల్లో ఎర్రటి కార్నేషన్ పూలు గుచ్చడంతో ఆ తిరుగుబాటుకు కార్నేషన్ విప్లవమన్న పేరు నిలిచిపోయింది. మరుసటి ఏడాది కొత్త ప్రభుత్వం విద్యుత్ కంపెనీలను జాతీయం చేసింది. అలా జాతీయమైన 13 కంపెనీలను కలిపి 1976లో 'ఎలెక్ట్రిసిదాద్ ద పోర్చుగల్' అనే ప్రభుత్వ రంగ సంస్థను నెలకొల్పారు. ఆ పేరులోని పొడి అక్షరాలే ఈడీపీ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ బోర్డు పనితీరు గుర్తున్నవారికి ఈ సంస్థ తొలినాళ్ల స్వరూపాన్ని వేరుగా వివరించనక్కరలేదు. ఆనకట్ట దగ్గరి టర్బైను నుంచి ఇంటి గోడకున్న మీటరు దాకా అన్నీ ఒకే గొడుగు కిందే ఉండేవి. పల్లెలకు తీగలు లాగడం, కంపెనీకొక తీరుగా ఉన్న ధరలను దేశమంతటా ఒకే పద్ధతిలోకి తేవడం దాని మొదటి పనులు.

2004లో సంస్థ పేరు 'ఎనర్జియాస్ ద పోర్చుగల్'గా మారింది. పేరులో 'విద్యుత్' పోయి 'ఇంధన శక్తులు' వచ్చినా పొడి అక్షరాలు మాత్రం అవే మిగిలాయి.

ఇంత చిన్న దేశపు సంస్థ బయటి దేశాలకు ఎందుకు వెళ్లవలసి వచ్చింది?

దేశం చిన్నది కావడమే అందుకు కారణం. పోర్చుగల్ జనాభా సుమారు కోటి, అంటే ఇంచుమించు హైదరాబాద్ మహానగరమంత. ఇంటింటికీ కరెంటు వెళ్లిపోయాక ఇంట్లో ఎదగడానికి చోటు మిగలలేదు. అదే సమయంలో ఐరోపా సమాఖ్య విద్యుత్ మార్కెట్లను పోటీకి తెరవసాగింది. అప్పటికే స్పెయిన్‌లో తనకన్నా చాలా పెద్ద కంపెనీలు ఉన్నాయి. పోటీకి తలుపులు తెరిచిన చోట చిన్న సంస్థ ముందుగా బయటికి వెళ్లి నిలదొక్కుకోకపోతే, పెద్దది లోపలికి వచ్చి దాన్ని మింగేస్తుంది.

సంస్థను ముక్కలు చేయలేదా?

చేశారు, కాని మన దగ్గర జరిగినట్టు కాదు. 1999లో మన బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడదీసి, తర్వాతి ఏడాది డిస్కంలను ఏర్పరచినప్పుడు అన్నీ వేటికవే విడి కంపెనీలయ్యాయి. ఈడీపీని 1991లో వాటాల కంపెనీగా మార్చి, 1994లో ఉత్పత్తి, సరఫరా, పంపిణీలకు వేర్వేరు అనుబంధ సంస్థలను పెట్టినా, వాటన్నిటి పైనా ఈడీపీ మాతృసంస్థగానే కొనసాగింది. అధిక వోల్టేజీ లైన్లు చూసే రెన్ అనే సంస్థ మాత్రం 2000లో పూర్తిగా వేరుపడింది. ఉత్పత్తీ, పంపిణీ చేతిలోనే ఉండడం వల్ల ఏటా స్థిరంగా వచ్చే ఆదాయం సంస్థకు నిలిచింది. తర్వాత విదేశాల్లో కొనుగోళ్లకు బ్యాంకులు అప్పులిచ్చింది ఆ ఆదాయాన్ని చూసే. ఈ సంస్థ కథ చెప్పేవారు గాలిమరల గురించి ఎక్కువగా మాట్లాడి ఈ సంగతిని తక్కువ చేస్తారు. నా దృష్టిలో అసలు పునాది ఇదే.

విదేశాల్లో మొదట ఎక్కడ అడుగుపెట్టింది?

బ్రెజిల్‌లో. భాష ఒకటే కావడం, అదే సమయంలో అక్కడి పంపిణీ కంపెనీలను ప్రభుత్వాలు అమ్మకానికి పెట్టడం కలిసివచ్చాయి. 1996లో రియో రాష్ట్రంలోని ఒక పంపిణీ సంస్థలో వాటాతో మొదలై, సావో పాలో వైపు విస్తరించింది. తొకాంతీన్స్ నది మీద సుమారు 900 మెగావాట్ల లజియాదు జల విద్యుత్ కేంద్రంలోనూ భాగస్వామి అయింది. అయితే భాష తెలిసినంత మాత్రాన దేశం తెలిసినట్టు కాదు. 1999 జనవరిలో బ్రెజిల్ కరెన్సీ విలువ ఒక్కసారిగా పడిపోయింది. 2001లో వానలు లేక జలాశయాలు అడుగంటడంతో అక్కడి ప్రభుత్వం దేశంలో ఎక్కువ భాగానికి కరెంటు వాడకంపై కోటా విధించింది. పంపిణీ కంపెనీ కొన్నవారికి అమ్ముకోవడానికి కరెంటే సరిపోని పరిస్థితి అది.

ఆ తర్వాతి అడుగు పక్కింటి స్పెయిన్‌లో పడింది. ఉత్తరాన అస్తూరియాస్ ప్రాంతంలోని ఇద్రోకాంతాబ్రికో అనే కంపెనీలో 2001లో వాటా కొని, 2004 నాటికి దాదాపు మొత్తాన్ని చేజిక్కించుకుంది. దాంతోపాటు బొగ్గు కేంద్రాలూ, కొన్ని గాలిమరల ప్రాజెక్టులూ వచ్చాయి. అప్పట్లో ఆ గాలిమరలను కొసరుగానే చూశారు.

మరి గాలిమరలు ప్రధాన వ్యాపారంగా ఎప్పుడు మారాయి?

2005 నుంచి 2008 వరకు గడిచిన మూడేళ్లలో. పోర్చుగల్‌కు తనదంటూ చమురు, సహజవాయువు లేవు. బొగ్గు దిగుమతి చేసుకోవలసిందే. ఉన్నవల్లా నదులు, అట్లాంటిక్ మీది నుంచి కొండల మీదికి వీచే గాలి. పవన విద్యుత్‌ను ఏళ్ల తరబడి నిర్ణీత ధరకు కొంటామని ప్రభుత్వం హామీ ఇవ్వడంతో పెట్టుబడి పెట్టేవారికి ధైర్యం వచ్చింది. 2006లో సుమారు 1,200 మెగావాట్ల పెద్ద టెండరును ఈడీపీ ఉన్న కూటమి గెలుచుకుంది. జర్మనీ కంపెనీ ఎనర్‌కాన్ ఉత్తరాన వియానా దొ కష్తెలులో ఫ్యాక్టరీలు పెట్టి రెక్కలూ స్తంభాలూ అక్కడే తయారుచేయడం ఆ టెండరులో భాగం.

జలాశయాలు ఉండడం గాలికి కలిసివచ్చిన మరో అంశం. శీతాకాలపు రాత్రుల్లో గాలి ఉధృతంగా వీస్తుంది, అప్పుడు వాడకం తక్కువగా ఉంటుంది. ఆ మిగులు కరెంటుతో కింది నీటిని పైకి తోడి, సాయంత్రం అవసరమైనప్పుడు మళ్లీ టర్బైన్ల మీదికి వదలవచ్చు. నాగార్జునసాగర్‌లోనూ శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలోనూ ఉన్న రివర్సిబుల్ యంత్రాలు చేసే పని ఇదే. 2017లో ఉత్తర పోర్చుగల్‌లో ప్రారంభమైన ఫ్రాదెష్ రెండో కేంద్రంలో సుమారు 780 మెగావాట్ల యంత్రాలు ఉన్నాయి. వాటి ప్రత్యేకత ఏమిటంటే, తోడే వేగాన్ని గ్రిడ్ అవసరాన్నిబట్టి పెంచుతూ తగ్గిస్తూ ఉండవచ్చు.

అమెరికాకు ఎలా వెళ్లింది?

కొనుగోలు ద్వారా. హ్యూస్టన్ కేంద్రంగా పనిచేసే హొరైజన్ విండ్ ఎనర్జీ అనే కంపెనీని 2007లో గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు నుంచి సుమారు 215 కోట్ల డాలర్లకు కొన్నది. అప్పటికి నిర్మాణం పూర్తయిన గాలిమరలకన్నా, భూమి యజమానులతో కుదుర్చుకున్న ఒప్పందాలు, గాలి వేగం కొలతలు, గ్రిడ్‌లో కలవడానికి పెట్టుకున్న దరఖాస్తులు, వీటికే ఆ ధరలో పెద్ద వాటా దక్కిందనుకోవాలి. గాలిమరను ఏడాదిలో నిలబెట్టవచ్చు. దానికి ముందు జరిగే కాగితాల పనికే ఏళ్లు పడుతుంది.

అమెరికాలో ఇంకొక తిరకాసు ఉంది. అక్కడి ప్రభుత్వం పవన విద్యుత్‌కు నగదు సబ్సిడీకి బదులు ఎక్కువగా పన్ను రాయితీ ఇచ్చేది. రాయితీ వాడుకోవాలంటే ముందు కట్టవలసినంత పన్ను ఉండాలి. కొత్తగా అడుగుపెట్టిన విదేశీ సంస్థకు అంత లాభమూ ఉండదు, అంత పన్నూ ఉండదు. అందుకని పన్ను భారం ఎక్కువగా ఉన్న బ్యాంకులను భాగస్వాములుగా చేర్చుకుని, రాయితీని వాటికి ఇచ్చి, ప్రతిగా పెట్టుబడి తెచ్చుకుంటారు. ఇండియానా రాష్ట్రంలోని మొక్కజొన్న పొలాల మధ్య విడతలవారీగా సుమారు 800 మెగావాట్లకు పెరిగిన మెడో లేక్ వంటి ప్రాజెక్టులు వచ్చింది ఇలాంటి ఏర్పాట్ల కాలంలోనే.

ఈడీపీ రెనోవావెయిష్ అంటే ఈడీపీయేనా? వేరే కంపెనీయా?

పునరుత్పాదక వ్యాపారం కోసం 2007 చివరలో ఏర్పరచిన అనుబంధ సంస్థ అది. రిజిస్టరైంది స్పెయిన్‌లోని ఒవియేదోలో, నడిచేది మాడ్రిడ్ నుంచి, వాటాల క్రయవిక్రయాలు లిస్బన్‌లో. 2008 జూన్‌లో వాటా ఒక్కింటికి 8 యూరోల చొప్పున ప్రజలకు అమ్మారు. మూడు నెలలు తిరిగేసరికి ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు ధర ఆ 8 యూరోల కిందే ఉండిపోయింది. 2017లో మాతృసంస్థ సుమారు 6.80 యూరోలకు వాటాలన్నీ తిరిగి కొంటామని ముందుకొస్తే చాలామంది చిన్న వాటాదారులు అమ్మడానికి ఇష్టపడలేదు. సంస్థ చేతికి వచ్చింది 82 శాతానికి పైన మాత్రమే. గాలిమరలు పెరిగినంత వేగంగా వాటా ధర పెరగాలన్న నియమమేదీ లేదని మొదటి రోజు కొన్నవారికి బాగా తెలిసివచ్చింది.

2022లో సింగపూర్‌కు చెందిన సన్‌సీప్ అనే సౌర విద్యుత్ కంపెనీని కొని ఆసియాలోకి ప్రవేశించింది. 2024 చివరికి ఈ అనుబంధ సంస్థ సామర్థ్యం సుమారు 19 గిగావాట్లు, అంటే 19 వేల మెగావాట్లు.

ఇన్ని ప్రాజెక్టులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

కొంత అప్పు, కొంత లాభం. మిగిలినది కట్టి అమ్మడం ద్వారా వస్తుంది. ఈ పద్ధతిని అర్థం చేసుకుంటే సంస్థ సగం అర్థమైనట్టే. ముందు స్థలం చూసి, అనుమతులు తెచ్చి, పదిహేను ఇరవై ఏళ్ల పాటు నిర్ణీత ధరకు కరెంటు కొనేవారితో ఒప్పందం కుదుర్చుకుని, ఆ ఒప్పందం ఆధారంగా అప్పు తెచ్చి ప్రాజెక్టు కడతారు. అది తిరగడం మొదలయ్యాక అందులోని ప్రమాదం చాలావరకు తీరిపోతుంది. అప్పుడు పెన్షన్ నిధులు, బీమా కంపెనీలు వంటి, తక్కువ రాబడి అయినా నిలకడగా వస్తే చాలనుకునే మదుపరులకు పెద్ద వాటా అమ్మేస్తారు. వచ్చిన సొమ్ముతో తర్వాతి ప్రాజెక్టు మొదలవుతుంది. నడిపించే పని, దానికి వచ్చే రుసుము చాలాసార్లు సంస్థ దగ్గరే ఉంటాయి.

అపార్ట్‌మెంటు కట్టి, ఫ్లాట్లు అమ్మి, నిర్వహణ తన దగ్గరే ఉంచుకునే బిల్డరు పని ఇంచుమించు ఇలాగే ఉంటుంది. వడ్డీలు తక్కువగా ఉన్నంత కాలం ఈ చక్రం నున్నగా తిరుగుతుంది. 2022 తర్వాత వడ్డీలు పెరిగేసరికి కొనేవారు ధర తగ్గించి అడగసాగారు, యంత్రాల ధరలు మాత్రం తగ్గలేదు. అప్పటి నుంచి ఈ రంగంలోని చాలా కంపెనీలు లక్ష్యాలను కుదించుకుంటూ వచ్చాయి.

ఇది ఇప్పటికీ పోర్చుగల్ ప్రభుత్వ సంస్థేనా? చైనా వాటా సంగతి ఏమిటి?

కాదు. 1997లో మొదలైన వాటాల అమ్మకం విడతలవారీగా సాగి, 2013 నాటికి ప్రభుత్వం పూర్తిగా బయటపడింది. మధ్యలో 2011 వచ్చింది. అప్పుల్లో మునిగిన పోర్చుగల్ 7,800 కోట్ల యూరోల సహాయం తీసుకున్నప్పుడు, ప్రభుత్వ ఆస్తులు అమ్మాలని ఐరోపా సమాఖ్య, అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతు పెట్టాయి. ఆ ఏడాది డిసెంబరులో ఈడీపీలోని 21.35 శాతం వాటాను 269 కోట్ల యూరోలకు చైనా త్రీ గోర్జెస్ సంస్థ దక్కించుకుంది. జర్మనీకి చెందిన ఈ.ఆన్, బ్రెజిల్‌కు చెందిన ఎలెత్రోబ్రాస్ కూడా పోటీపడ్డాయి.

త్రీ గోర్జెస్ చైనా ప్రభుత్వ సంస్థ. అంటే ప్రైవేటీకరణ పేరుతో ఒక ప్రభుత్వం వదులుకున్న వాటా మరొక ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఇందులోని వ్యంగ్యాన్ని అప్పట్లోనే పోర్చుగల్ పత్రికలు ఎత్తిచూపాయి. పక్షపాతం లేకుండా చూసినా అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

2018లో త్రీ గోర్జెస్ మిగిలిన వాటాలన్నిటికీ, ఒక్కొక్కటి 3.26 యూరోల చొప్పున, సుమారు 910 కోట్ల యూరోలు ఇవ్వజూపింది. అయితే ఏ వాటాదారుడికీ 25 శాతానికి మించి ఓట్లు ఉండరాదన్న నియమం కంపెనీ నిబంధనావళిలో ఉంది. ఆ నియమం తొలగించడానికి 2019 ఏప్రిల్‌లో జరిగిన సమావేశంలో వాటాదారులు ఒప్పుకోలేదు, ప్రతిపాదన వీగిపోయింది. చైనా సంస్థ మాత్రం అతిపెద్ద వాటాదారుగా కొనసాగుతోంది.

బొగ్గును నిజంగా వదిలేసిందా?

పోర్చుగల్‌లో వదిలేసింది. దక్షిణాన సీనెష్ రేవు పక్కనున్న 1,250 మెగావాట్ల పైచిలుకు కేంద్రాన్ని 2021 జనవరిలో, అనుకున్న గడువుకన్నా ముందే, మూసేసింది. పర్యావరణ స్పృహ ఒక్కటే దీనికి కారణమంటే అది పూర్తి నిజం కాదు. పొగతో కార్బన్ వదలడానికి కొనుక్కోవలసిన అనుమతుల ధర, ఇంధన పన్ను పెరిగి ఆ కేంద్రం నష్టాల్లోకి జారిపోయింది. బ్రెజిల్‌లోని పెసేం కేంద్రంలో అధిక వాటాను 2023లో అమ్మేసింది. అమ్మినంత మాత్రాన దాని పొగగొట్టం ఆగదన్న విమర్శ న్యాయమైనదే.

ఆనకట్టల విషయంలో వివాదాలు వచ్చాయా?

చాలా వచ్చాయి. వాటిలో ఒకటి వివరంగా చెప్పుకోదగినది. ఈశాన్య పోర్చుగల్‌లో కోవా నది మీద ఈడీపీ ఆనకట్ట కడుతుండగా, అక్కడి పలకరాళ్ల మీద గుర్రాలు, అడవి ఎద్దులు, కొండమేకల బొమ్మలు చెక్కి ఉన్నట్టు 1994 చివరలో లోకానికి తెలిసింది. వాటిలో పాతవి ఇరవై వేల ఏళ్ల నాటివి. నీరు నిలిపితే అవన్నీ మునిగిపోతాయి. స్థానిక బడిపిల్లలు వీధుల్లోకి వచ్చారు. "చెక్కడాలకు ఈత రాదు" అన్నది వారి నినాదం. 1995లో అధికారంలోకి వచ్చిన కొత్త ప్రభుత్వం అప్పటికే పని మొదలైన ఆనకట్టను ఆపివేసింది. 1998లో ఆ లోయను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నాగార్జునకొండను తవ్వి ద్వీపం మీదికి తరలించిన చరిత్ర తెలిసిన మనకు ఆ నినాదం లోతు ఇట్టే అర్థమవుతుంది. కొండవాలులోని రాతి పలకలను ఇటుకల్లా విప్పి తరలించడం కూడా కుదిరే పని కాదు.

రెండో వివాదం డబ్బుకు సంబంధించినది. దోరు నదీ పరీవాహకంలోని ఆరు జల విద్యుత్ కేంద్రాలను ఈడీపీ 2020 డిసెంబరులో ఫ్రాన్స్‌కు చెందిన ఎంజీ నేతృత్వంలోని కూటమికి 220 కోట్ల యూరోలకు అమ్మింది. లావాదేవీ జరిపిన తీరు వల్ల సుమారు 11 కోట్ల యూరోల స్టాంపు సుంకం చెల్లించకుండా పోయిందని, ఆ సొమ్ము తమ ప్రాంతానికి రావలసిందని మిరాందా దొ దోరు పరిసరాల ప్రజలు ఆందోళనకు దిగారు. చట్టప్రకారమే చేశామన్నది సంస్థ వాదన. లోయను ముంచి కట్టిన ఆనకట్ట చేతులు మారినప్పుడు ఆ లోయవాసులకు ఏమి దక్కాలన్న ప్రశ్న మాత్రం స్టాంపు సుంకంతో తేలేది కాదు.

నీటి మీద తేలే గాలిమరలు నిజంగా పనిచేస్తాయా?

పనిచేస్తున్నాయి. పోర్చుగల్ తీరం దాటగానే సముద్రం లోతు పెరిగిపోతుంది కాబట్టి, ఉత్తర సముద్రంలోలాగా అడుగున స్తంభాలు పాతడం కుదరదు. అందుకని మూడు లావుపాటి బోలు ఉక్కు స్తంభాలను త్రిభుజాకారంలో కలిపి ఒక తెప్పలా చేసి, ఒక మూల స్తంభం మీద గాలిమరను నిలబెడతారు. స్తంభాల మధ్య దూరం 50 మీటర్లు. గాలి దిశ మారి తెప్ప ఒక వైపు ఒరగబోతే లోపలి నీటిని ఒక స్తంభం నుంచి మరొక దానికి పంపు చేసి సరిచేస్తారు. మొత్తాన్ని రేవులోనే బిగించి, పడవలతో లాక్కుపోయి, గొలుసులతో లంగరు వేస్తారు. సముద్రం మీద భారీ క్రేన్లు అక్కరలేదు.

2011లో 2 మెగావాట్ల నమూనాతో ప్రయోగం మొదలైంది. ఇప్పుడు వియానా దొ కష్తెలుకు 20 కిలోమీటర్ల దూరంలో, వంద మీటర్ల లోతు నీటిపై, 8.4 మెగావాట్ల యంత్రాలు మూడు 2020 నుంచి తిరుగుతున్నాయి. ఈ రంగంలో ఈడీపీ, ఎంజీలు చెరిసగం వాటాతో ఓషన్ విండ్స్ అనే కంపెనీని నడుపుతున్నాయి.

డబ్బు ఎదురిచ్చి కరెంటు అమ్మడమేమిటి?

దక్షిణ పోర్చుగల్‌లోని ఆల్కెవా జలాశయం టెండరు గురించి చదివినవారు అడిగే ప్రశ్న ఇది. అక్కడ 2022లో ఈడీపీ సుమారు 12 వేల పలకలతో 5 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రాన్ని ప్రారంభించింది. తెప్పల్లో కొన్నిటిని, పోర్చుగల్‌లో విరివిగా దొరికే బెండు చెట్టు బెరడును ప్లాస్టిక్‌తో కలిపి చేశారు. సరిగ్గా అదే నెలలో రామగుండం జలాశయం మీద ఎన్టీపీసీ 100 మెగావాట్ల తేలియాడే కేంద్రం పూర్తయింది కాబట్టి, పరిమాణంలో మనదే పైచేయి.

ఆసక్తికరమైనది ఆ తర్వాతి టెండరు. మరో 70 మెగావాట్ల హక్కు కోసం ఈడీపీ మెగావాట్ గంటకు మైనస్ 4.13 యూరోల ధర వేసి గెలిచింది. అంటే 15 ఏళ్ల పాటు ఎదురు చెల్లిస్తానని ఒప్పుకుంది. ఆ సొమ్ము వెలుగు కోసం కాదు, గ్రిడ్‌లో కలిసే చోటు కోసం. ఆల్కెవాలో జల విద్యుత్ కోసం వేసిన లైన్లు ఇప్పటికే ఉన్నాయి. అదే అనుసంధానం మీద ఎండ, గాలి, నీరు మూడిటి కరెంటునూ పంపవచ్చు. సౌర పలకలు ఎక్కడైనా దొరుకుతాయి, గ్రిడ్‌లో ఖాళీ మాత్రం దొరకదు.

వినియోగదారుల బిల్లులు తగ్గాయా?

చాలా కాలం తగ్గలేదు. పునరుత్పాదక విద్యుత్‌కు ఇచ్చిన హామీ ధరల భారాన్ని అప్పటికప్పుడు బిల్లులో వేస్తే జనం ఊరుకోరని ప్రభుత్వాలు దాన్ని ముందుకు నెట్టుతూ వచ్చాయి. అలా పేరుకున్న 'టారిఫ్ లోటు' 2010ల మధ్యకాలానికి 500 కోట్ల యూరోలకు చేరింది. ట్రూ అప్ ఛార్జీలన్న మాట విని ఉలిక్కిపడే మన వినియోగదారులకు దీని సంగతి వేరే చెప్పాలా? గాలి, ఎండల హామీ ధరలతో పాటు పాత ఆనకట్టలకు, బొగ్గు కేంద్రాలకు ఇచ్చిన పరిహార ఒప్పందాలు కూడా ఆ లోటులో ఉన్నాయి. ఆ ఒప్పందాలపై నేర దర్యాప్తు జరిగి, 2020లో న్యాయస్థానం ఆదేశంతో నాటి ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవికి దూరమయ్యారు. ఆయన ఆరోపణలను ఖండించారు.

అన్ని దేశాల్లోనూ గెలిచిందా?

లేదు. కొలంబియా ఉత్తర కొసన, వాయూ తెగవారి నేల లా గువహీరాలో తలపెట్టిన సుమారు 500 మెగావాట్ల రెండు పవన ప్రాజెక్టులను, అనుమతుల జాప్యం తర్వాత, 2024 డిసెంబరులో వదులుకుంది. అమెరికా తీరంలో ఓషన్ విండ్స్ ప్రాజెక్టులకు 2025 జనవరిలో అక్కడి కొత్త ప్రభుత్వం జారీ చేసిన ఆదేశాలు అడ్డుతగిలాయి.

2025 ఏప్రిల్ 28న పోర్చుగల్ అంతా చీకటైంది కదా, అది ఈ సంస్థ వైఫల్యమా?

ఆ రోజు లిస్బన్ కాలమానం ప్రకారం ఉదయం 11:33కు స్పెయిన్, పోర్చుగల్ గ్రిడ్‌లు రెండూ కుప్పకూలాయి. మూలం స్పెయిన్ వైపు వోల్టేజీ అదుపు తప్పడంలో ఉంది. పైగా పోర్చుగల్‌లో గ్రిడ్ నిర్వహణ 2000లో విడిపోయిన రెన్ బాధ్యత, ఈడీపీది కాదు.

గ్రిడ్‌ను తిరిగి నిలబెట్టడంలో మాత్రం ఈడీపీ కేంద్రానికి పాత్ర ఉంది. బయటి కరెంటు సాయం లేకుండా సొంతంగా లేవగల కేంద్రాలను పోర్చుగల్ ఆ రోజు రెండింటిని వాడుకుంది. ఒకటి పోర్తు దగ్గరి గ్యాస్ కేంద్రం. రెండోది జెజెరె నది మీది కష్తెలు దొ బోద్ జల విద్యుత్ కేంద్రం. అక్కడ గేట్లు తెరిచి, టర్బైను తిప్పి, ఒక్కో లైనుకు ప్రాణం పోసుకుంటూ అర్ధరాత్రికి దేశంలో చాలా భాగానికి వెలుగు తెచ్చారు. ఆ ఆనకట్ట 1951లో ప్రారంభమైంది, అంటే ఈడీపీ పుట్టడానికి 25 ఏళ్ల ముందు.